అరగంట వైద్యం

రెండే పెడళ్ళున్న కారంటే మా పుట్టపర్తిలో ఇప్పటికీ కాస్త అనుమానమే. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు చేసి దేశమంతా పంపుతోంది. వాటిలో ఆటోమేటిక్‌లకు లోటు లేదు. అయినా మా వీధివాళ్ళు నా కారెక్కితే ముందు వంగి నా కాళ్ళ దగ్గర వెతుకుతారు. "క్లచ్చు యాడుందప్పా?" అంటారు. లేదని చెప్పగానే సీటు బెల్టు లాక్కుంటారు. మా వీధికి సీటు బెల్టు అలవాటు చేసిన ఘనత పోలీసులది కాదు, నా గేరుబాక్సుది.

అది సెకండ్‌హ్యాండ్ కారు, నాలుగు గేర్ల పాతకాలపు ఆటోమేటిక్. ధర్మవరంలో రిటైరైన ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాను. ఆయన దాన్ని ఎంత శ్రద్ధగా చూసుకున్నాడంటే, కారుతోపాటు పెట్రోలు చీటీలు, టైర్ల చీటీలు, చివరికి వైపర్ల చీటీ కూడా ఫైలు కట్టి చేతిలో పెట్టాడు.

దాని జబ్బు సంగతి చెప్పాలి. పొద్దున్నే తీస్తే ఏ వంకా పెట్టదు. బుక్కపట్నం దాటి, కొత్తచెరువు దాటి, పెనుకొండ రోడ్డెక్కి, ఎండ ముదిరిందంటే మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది. ఆర్పీఎం ముల్లు నాలుగు వేలు దాటుతుంది. స్పీడు ముల్లు మాత్రం ఆ గొడవ తనది కాదని నలభై దగ్గరే కూర్చుంటుంది. కాసేపటికి అదీ ఉండదు. డీలో పెట్టినా, ఆర్‌లో పెట్టినా కారు ఉన్నచోటే ఉంటుంది.

మా సీమలో కారాగితే సాయాన్ని పిలవనక్కర్లేదు, చేలోంచే వస్తుంది. "సెకండు గేరేసి క్లచ్చు వదులు సార్, మేం తోస్తాం" అంటూ నలుగురు వెనక చేరతారు. ఇంజను ఆన్‌లోనే ఉందంటే వినరు. ఆటోమేటిక్‌ను తోసి స్టార్ట్ చేయడం అసలు కుదరదు. గేరుబాక్సులో నూనెకు ఒత్తిడి ఇచ్చే పంపును తిప్పేది ఇంజనే. ఇంజను ఆగితే ఒత్తిడి ఉండదు, ఒత్తిడి లేకపోతే చక్రానికీ ఇంజనుకూ ఏ బంధుత్వమూ ఉండదు. ఒకసారి ఈ మాట చెప్పేలోపు ఒక ట్రాక్టరాయన తాడు తెచ్చేశాడు. అంతలో బెంగళూరు విమానాశ్రయానికి పోతున్న టాక్సీ ఆగి, అందులోంచి తెల్లచీర కట్టిన విదేశీ భక్తురాలొకామె దిగింది. "సాయిరాం! లాగొద్దు, లాగొద్దు!" అని రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆమె దేశంలో అందరివీ ఆటోమేటిక్‌లేనట. ఇంజను తిప్పే చక్రాలు నేల మీద ఉండగా కారును దూరం లాగితే లోపల నూనె తిరగదు, పళ్ళచక్రాలు ఎండిపోయి అరుగుతాయి. నేల మీది ఆ చక్రాలను పైకెత్తి తీసుకెళ్ళాలి. ట్రాక్టరాయన తాడు చుట్టుకుంటూ, "బెంగళూరు పోయే టైములో కూడా బండి చూసి దిగిందంటే గొప్ప తల్లే" అన్నాడు.

ఆ తర్వాత వైద్యులు దిగారు.

మొదటి వైద్యం మా పక్కింటి అవ్వది. ఆ రోజు ఆమె కార్లోనే ఉంది. దిష్టి తగిలిందని తేల్చేసింది. నిమ్మకాయ కోసం ఒకబ్బాయి బండి మీద కొత్తచెరువు పోయి, కాయ కొని, టీ తాగి వచ్చాడు. అవ్వ కారు చుట్టూ తిరిగి దిష్టి తీసి, కాయను చక్రం కింద పెట్టించింది. డీలో పెట్టాను. కదిలింది!

మా బావమరిది నిమ్మకాయను నమ్మడు, వీడియోలను నమ్ముతాడు. "బావా, గేర్లను ఆడించేది కంప్యూటరు. దానికి అనుమానం వస్తే ఒకే గేరులో బిగుసుకుపోతుంది. బ్యాటరీ వైరు పీకితే అన్నీ మర్చిపోతుంది" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. లోపం కనిపిస్తే ఇంకా చెడిపోకుండా మూడో గేరులోనే ఇంటికి పొమ్మనే ఏర్పాటు ఇలాంటి బండ్లలో ఉంటుంది. అయితే వైరు పీకడానికి పదో నంబరు స్పానర్ కావాలి. డిక్కీలో ఎనిమిది ఉంది, పన్నెండు ఉంది, పది ఏ ఇంట్లోనూ కనబడే వస్తువు కాదు. దారిన పోయే బండ్లను ఆపి సంపాదించేసరికి ఎండ కాస్త వాలింది. వైరు పీకి పెట్టాడు. కారు కదిలింది! ఆ రోజు నుంచి నిమ్మకాయల మీద అతనికి చులకన పెరిగింది.

మూడోది మెకానిక్ వైద్యం. బానెట్ ఎత్తకముందే "క్లచ్ ప్లేట్లు పోయినాయి సార్" అన్నాడు. క్లచ్ పెడలే లేని కారుకు క్లచ్ ప్లేట్లేమిటని నవ్వబోయి ఆగాను. ఆటోమేటిక్‌లోనూ క్లచ్ ప్లేట్లుంటాయి, నూనెలో మునిగి, ఒకదాని వెనక ఒకటి. అలవాటుకొద్దీ అన్న మాట, సగం దాకా నిజమే. ఆయన ఏవో కేబుళ్ళు బిగించి, మధ్యలో ఫోన్లు మాట్లాడి, చేతులు తుడుచుకున్నాడు. కారు కదిలింది! బిల్లు కూడా కదిలింది.

ఒక పెద్దాయన మాత్రం స్టీరింగుకు విభూతి పెట్టి, "సాయిరాం, నీడలో కూర్చుని ఓపిక పట్టండి, అదే పోతుంది" అన్నాడు. అందరిలోకి సరైన మందు చీటీ ఆయనదే. నిమ్మకాయకు అరగంట, స్పానర్‌కు అరగంట, కేబుళ్ళకు అరగంట. అన్ని మందుల్లోనూ కలిసి ఉన్న దినుసు అదొక్కటే. వేడెక్కితే మొరాయించేది, చల్లబడితే నడిచేది. వైద్యుడు వచ్చేసరికి నిక్షేపంగా ఉండే రోగంతో వైద్యులకు మంచి పేరు వస్తుంది.

మరి గేరుబాక్సుకు వేడితో పనేమిటి? జర్మన్ ఇంజనీరు హెర్మాన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నది కార్లకోసం కాదు, ఓడలకోసం. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, గాలికి బదులు ద్రవం ఉంటే అది ఆయన ఆలోచన. ఇంజను ఒక ఫ్యాను, గేర్లు రెండో ఫ్యాను, మధ్యలో నూనె. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకు జనరల్ మోటార్స్ 'హైడ్రామాటిక్' పెట్టినప్పటి నుంచి క్లచ్చు కాలికి సెలవు దొరికింది. ఆ పని మొత్తం నూనె నెత్తిన పడింది. బలాన్ని మోసేది అదే, ప్లేట్లను నొక్కేది అదే, అన్నిటినీ చల్లార్చేదీ అదే. అది మితిమీరి వేడెక్కితే పలచబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ప్లేట్లు పట్టు తప్పి జారుతాయి. జారితే రాపిడి, రాపిడికి ఇంకా వేడి.

ఆ నూనెను ఏటీఎఫ్ అంటారు. దాన్ని చూసే పద్ధతి ఇంజన్ ఆయిల్‌కు తలకిందులుగా ఉంటుంది. డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో ఇంజను వేడిగా, ఆన్‌లో ఉండగానే, చదును నేల మీద, గేరు రాడ్‌ను అన్ని గదుల్లోకీ ఒకసారి తిప్పి తెచ్చి పీలో పెట్టాకే చూడాలి. కొత్త నూనె చాలావరకు ఎర్రగా ఉంటుంది. పాలు కలిసిన గులాబీ రంగు కనిపిస్తే లోపలికి నీళ్ళు చేరినట్టు. నా డిప్‌స్టిక్ మీద మట్టమైతే సరిగ్గానే ఉంది. రంగు మాత్రం గోధుమ, వాసన మాడు. వేరుశెనగ వేయించే సీమలో పుట్టినవాణ్ణి, మాడు వాసన నాకెవరూ నేర్పనక్కర్లేదు. నూనె ఉడికిందని తెలిసింది. పొయ్యి ఎక్కడుందో తెలియలేదు.

అది కనిపెట్టింది కార్ల మెకానిక్ కాదు. పెనుకొండ రోడ్డు మీద మళ్ళీ ఆగి ఉన్నప్పుడు, బోరు మోటార్లు విప్పి బాగుచేసే ఆయన టీవీఎస్ ఆపి తాగడానికి నీళ్ళడిగాడు. తాగుతూ, బానెట్ లోపల రేడియేటర్ మూత అంచున తెల్లగా పేరుకున్నది చూశాడు. "చల్లారనీ సార్, ఇప్పుడు తీస్తే మొహం కాల్తాది" అని, చల్లారాక మూత తీసి లోపల వేలు పెట్టి గీరాడు. సున్నం పెచ్చు ఊడింది.

"దీనికి ఏం నీళ్ళు పోస్తారు సార్?"

"నేను కొని ఎక్కువ రోజులు కాలేదన్నా."

"ఎవురో ఏండ్ల తరబడి బోరు నీళ్ళు పోసినారు. మా మోటార్లలో రోజూ చూసేదిదే."

ధర్మవరం పెద్దమనిషికి ఫోన్ చేశాను. "అయ్యో, కుళాయి నీళ్ళు ఒక్కచుక్క పోయలేదండీ! ఎనిమిదొందల అడుగుల లోతు నుంచి వచ్చే స్వచ్ఛమైన బోరు నీళ్ళే పోశాను" అన్నాడు, గర్వంగా. నీళ్ళకు చీటీ ఉండదు కాబట్టి ఫైలులో లేదు.

ఆటోమేటిక్ గేర్లు మాత్రమే బాగుచేసే ఒక బెంగళూరు షెడ్డాయన మిగతాది విడమర్చి చెప్పాడు. ఇలాంటి కార్లలో గేరు నూనెను చల్లార్చే గొట్టం రేడియేటర్ అడుగు తొట్టిలోనే ఉంటుంది. చుట్టూ సున్నం పట్టి ఆ గొట్టానికి దుప్పటి కప్పింది. ఇంజను వేడి చూపే ముల్లు సగం కంటే కాస్త పైనే తిరుగుతున్నా, ఎండాకాలం కదా అని సరిపెట్టుకునే ఊరు మాది. గేరుబాక్సు విప్పే పని పడలేదు. రేడియేటర్ కొత్తది వేశారు. నూనె మార్పు ఒక్కసారితో తేలలేదు. అడుగు బోల్టు తీస్తే సగమో అంతకంటే తక్కువో వస్తుంది, మిగతాది ఇందాకటి రెండు ఫ్యాన్లుండే కన్వర్టర్‌లో దాక్కుంటుంది. పోసి, తిప్పి, మళ్ళీ తీసి, మళ్ళీ పోశారు.

అనంతపురం సీమలో ఏ తగవు తీగ లాగినా చివర నీళ్ళే తగులుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి రుతుపవనం పడమటి కనుమల దగ్గరే ఖర్చయిపోతుంది, ఈశాన్యం మా దాకా వచ్చేసరికి అలసిపోతుంది. ఊళ్ళ పేర్లలో మాత్రం చెరువులకు కరువు లేదు: కొత్తచెరువు, ఓబుళదేవరచెరువు. మాది చిత్రావతి ఒడ్డున ఉన్న ఊరని చెప్పుకుంటాం, చాలా నెలలు ఒడ్డే ఉంటుంది. లోతుకు పోయి తోడిన నీళ్ళతో పళ్ళూ ఎముకలూ పాడవుతుంటే, 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం ఏడొందలకు పైగా ఊళ్ళకు మంచినీళ్ళు తెచ్చింది. ఆ పథకంలో కార్లను చేర్చలేదు.

ఇప్పుడు నా కారు కూలెంటు కలిపిన డిస్టిల్డ్ నీళ్ళు తప్ప తాగదు. "ఇంట్లో మనుషులకు క్యాన్ నీళ్ళు, దానికి డిస్టిల్డ్ నీళ్ళా?" అంటుంది మా ఆవిడ. ఈ ఎండాకాలం నడిమధ్యాహ్నం పెనుకొండ దాకా ఆగకుండా పోయి వచ్చాం. బ్యాటరీ వైరు మహిమ ఇన్నాళ్ళకు ఒంటబట్టిందన్నాడు బావమరిది. కేబుళ్ళు కుదురుకోవడానికి టైము పడుతుందన్నాడు మెకానిక్. వెనక సీట్లోంచి దిగుతూ అవ్వ అంది:

"చూసినావా నాయనా, నేను తీసిన దిష్టి!"

"అవ్వా, ఆ నిమ్మకాయ పోయిన ఎండాకాలంది కదా?"

"మంచి కాయ నాయనా. నిదానంగా పనిచేస్తాది."