ట్రిప్ అవుతోందని తీసేశాం

మా బావమరిది తెల్లాపూర్ దగ్గర డూప్లెక్స్ కట్టాడు. గృహప్రవేశానికి వెళ్తే, పాలు పొంగిన పొయ్యి దగ్గరికి కాదు, నేరుగా మేడ మీదికి లాక్కుపోయాడు. అక్కడ వేడినీళ్ల టబ్బు. నలుగురు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. అడుగున రంగులు మారే లైట్లు, చుట్టూ బుడగలు చిమ్మే రంధ్రాలు, తల ఆనించుకోవడానికి మెత్తలు. ‘‘డాలస్‌లో మావాడింట్లో ఉన్నదే బావా, అచ్చం అదే!’’ అన్నాడు. ఐదున్నర లక్షలట. చుట్టాలంతా టబ్బు ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. నేను టబ్బు వెనక్కి వెళ్లాను. కరెంటు డిపార్టుమెంటులో 30 ఏళ్లు పనిచేసి రిటైరైనవాడికి ఈ జబ్బు ఉంటుంది. పెళ్లికెళ్లినా మండపం వెనక జనరేటరు చూసొస్తాడు.

వెనక ఏం చూశానో చెబుతాను. పంపు, హీటరు కలిపి 3 కిలోవాట్లని టబ్బు మీదే రాసి ఉంది. 230 వోల్టుల దగ్గర అది 13 ఆంపియర్లు. దాని లావుపాటి ప్లగ్గును ఒక కన్వర్షన్ ప్లగ్గులో గుచ్చి, ఆ కన్వర్షన్ ప్లగ్గును దీపావళి సీరియల్ లైట్ల కోసం పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్లో గుచ్చారు. వైరు చాలక మధ్యలో అతుకు. అతుకు మీద నల్ల టేపు. వానొస్తే తడవకుండా టేపు మీద పాల ప్యాకెట్టు కవరు చుట్టి, రబ్బరు బ్యాండు కూడా వేశారు. జాగ్రత్త లేదని ఎవరనగలరు?

‘‘ఆర్‌సీసీబీ ఏదీ?’’ అన్నాను.

‘‘అదా? ఉండేది బావా. రోజుకు నాలుగుసార్లు ట్రిప్ అవుతోందని ఎలక్ట్రీషియనే తీసేసి డైరెక్ట్ ఇచ్చాడు. ఇప్పుడు ఏ గొడవా లేదు.’’

డైరెక్ట్! ఈ మాటంటే మనకు ఎంత ప్రాణమో. ఫ్యూజు పోతే డైరెక్ట్. స్టార్టరు పాడైతే బోరు మోటారుకు డైరెక్ట్. స్విచ్చు విరిగితే రెండు తీగలూ మెలేసి డైరెక్ట్. తిరుమలలో 300 రూపాయల టికెట్టు కొన్నా గంటలకొద్దీ క్యూలో నిలబడాలి. ఇక్కడ సొంత మేడ మీద, గోరువెచ్చని నీళ్లలో పడుకుని ఉండగానే, క్యూ లేకుండా డైరెక్ట్ దర్శనం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆర్‌సీసీబీ పట్టేది సరిగ్గా ఆ దొంగనే. ఫేసులో ఎంత కరెంటు వెళ్లిందో న్యూట్రల్లో అంతా తిరిగి రావాలి. రాలేదంటే ఎక్కడో దారి తప్పి, గీజరు బాడీలోంచో తడి గోడలోంచో మనిషి ఒంట్లోంచో భూమిలోకి పోతోందన్నమాట. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, సెకనులో మూడో వంతు లోపల ఇంటి కరెంటు ఆపేస్తుంది. సంజాయిషీ అడగదు, విచారణ సంఘం వేయదు. ఇంత నిజాయితీగల ఉద్యోగిని మన దేశంలో ఏం చేస్తారో అదే చేశారు మావాళ్లు. బదిలీ చేసి పడేశారు. ఇప్పుడది పూజగదిలో అగరబత్తుల డబ్బా పక్కన ఉంది.

‘‘ఎంసీబీలున్నాయి కదండీ’’ అన్నాడు మేడ మీదికొచ్చిన ఇంకో పెద్దమనిషి. చదువుకున్నవాళ్లు చెప్పే మాట ఇది. అయ్యా, ఎంసీబీ కాపాడేది వైరును. మిమ్మల్ని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 16,000 మిల్లీ ఆంపియర్లు దాటితేగానీ ఒళ్లు విరుచుకోదు. మనిషికి 10 దాటితేనే పట్టుకున్న తీగను వదలడం కష్టమవుతుంది. 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు గుండె లయ తప్పడానికి చాలు. పొడి చర్మమైతే కొంత అడ్డుకుంటుంది. నీళ్లలో నానిన ఒళ్లు ఏం అడ్డుకుంటుంది? వెయ్యి ఓములు అనుకుందాం. 230ని వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. వాట్లలో చెప్పాలంటే ఒక యాభై. అంటే ఎంసీబీ దృష్టిలో ఆ క్షణంలో మీరొక సీలింగ్ ఫ్యాను. ఫ్యానేదో తిరుగుతోంది కాబోలనుకుని ఊరుకుంటుంది.

చెయ్యి వదలని కరెంటు ఎంతో ఊహించి చెప్పింది కాదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్, ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ల చేతికి తీగ ఇచ్చి కొలిచాడు. 1961లో లీకేజీని పట్టి కరెంటు ఆపే పరికరాన్నీ తయారుచేశాడు. ఆ ప్రయోగాన్ని మన ఇంటి ఓనర్లు ఇప్పటికీ కొనసాగిస్తున్నారు. కాకపోతే అద్దెకున్నవాళ్ల ఇష్టం అడగరు. గీజరు పెట్టుకుంటే కుళాయి షాకు కొడుతోందని చెప్పి చూడండి. ఓనరుగారు టెస్టరు పెట్టి, అందులో ఎర్రగా మిణుకుమన్న దీపాన్ని చూసి, ‘‘లైట్‌గా వస్తోందిలెండి’’ అని తీర్పు చెబుతారు. జివ్వుమనడం, జిల్లుమనడం, చురుక్కుమనడం, లాగడం. చావుకు ఎన్ని ముద్దుపేర్లో! ‘‘హవాయి చెప్పులేసుకుని స్నానం చేయండి, ఏం కాదు’’ అని ఉచిత సలహా. గుళ్లోకి వెళ్తే చెప్పులు విప్పాలి, బాత్రూముకు వెళ్తే వేసుకోవాలి. కొన్నాళ్లకు అద్దె అగ్రిమెంటులోనూ రాస్తారు.

ఇక ఎర్తు సంగతి. ఇది దుఃఖకరమైన కథ, కాస్త ఓపిక పట్టండి.

బావమరిది ఇంటి ప్లానులో ఎర్తు గుంత ఉంది. నైరుతి మూలన గుర్తుపెట్టారు. వాస్తు సిద్ధాంతిగారొచ్చి నైరుతిలో గొయ్యేమిటి, వంశనాశనం అన్నారు. నీళ్ల టబ్బు మాత్రం ఈశాన్యంలో దివ్యంగా ఉందన్నారు. కరెంటు బోర్డు ఆగ్నేయంలో ఉందని సంతోషించారు. నైరుతిలో వద్దన్న గుంతను ఇంకో మూలన తవ్వాలని ఎవరికీ తట్టలేదు. ఆఖరికి మేస్త్రీ ప్రహరీ పక్కన మొదలుపెడితే రెండడుగుల్లో రాయి తగిలింది. హైదరాబాదు నేల కదా, గ్రానైటు తగలకపోతే ఆశ్చర్యం. ఇనుప పైపు ఎర్తుకు కనీసం రెండున్నర మీటర్ల పైపు దించాలని ఐఎస్ 3043 ప్రమాణం చెబుతుంది. మేస్త్రీ పైపును రెండడుగులకు కోసి, నిలబెట్టి, చుట్టూ సిమెంటు పోసి, పైన పార్కింగు టైల్సు వేశాడు. బొగ్గు లేదు, ఉప్పు లేదు, ఎండాకాలం నీళ్లు పోద్దామంటే మూత కూడా లేదు. ఆ పైపుకు దణ్ణం పెట్టుకోవచ్చు. కరెంటును మాత్రం అందులోకి పంపలేం.

పాత ఇళ్లల్లో ఎర్తు వైరు తీసుకెళ్లి నీళ్ల పైపుకు చుట్టేవాళ్లు. తప్పే అయినా ఆ పైపు ఇనుపది, భూమిలోకి పోయేది. ఈ మధ్య ఓ అపార్టుమెంటులో చూశాను. పాత పద్ధతి మానలేక ఆకుపచ్చ వైరును తెచ్చి సీపీవీసీ పైపుకు మూడు చుట్లు చుట్టి, క్లిప్పు కూడా బిగించారు. ప్లాస్టిక్కు ఎర్తు! ఇంకొంతమంది తెలివిగలవాళ్లు సాకెట్లోనే ఎర్తునూ న్యూట్రల్‌నూ చిన్న ముక్కతో కలిపేస్తారు. టెస్టు బల్బు పెడితే బ్రహ్మాండంగా వెలుగుతుంది. ఏదో ఒకరోజు వెనకెక్కడో న్యూట్రల్ తెగుతుంది. ఆ క్షణం నుంచి గీజరు బాడీ మొత్తం 230 వోల్టులు. మూడో పిన్ను సంగతి చెప్పనే అక్కర్లేదు. మిగతా రెంటికంటే అది పొడవుగా ఎందుకుంటుందంటే, కరెంటు కంటే ముందు ఎర్తు తగలాలని. మనవాళ్లకు సాకెట్లో దాని రంధ్రం, బాల్‌పెన్నుతో నొక్కి రెండు పిన్నుల ప్లగ్గు దూర్చుకోవడానికి దేవుడిచ్చిన తలుపు గడియ.

డాలస్‌లో ఉన్నది అచ్చం అదేనన్నాడు కదా బావమరిది. టబ్బు వరకూ నిజమే. అక్కడ మేనల్లుడు దానికోసం మెయిన్ బోర్డు నుంచి 240 వోల్టుల ప్రత్యేక లైను లాగించాడు, 50 ఆంపియర్లది. 5 మిల్లీ ఆంపియర్ల తేడాకే ఆపేసే పరికరం పెట్టాడు. టబ్బులోంచి చూస్తే కనిపించేలా, నీటికి కనీసం ఐదడుగుల ఎడంగా, మొత్తం ఆపేసే స్విచ్చు. ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా నీళ్లు నింపలేదు. ఎలక్ట్రీషియన్‌కిచ్చిన డాలర్లు తలుచుకుని ఇప్పటికీ ఫోనులో మూలుగుతుంటాడు, అయినా ఇచ్చాడు. కొడుకును చూసి తండ్రి టబ్బు నేర్చుకున్నాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఐదున్నర లక్షలు పోసి, ‘‘4 ఎంఎం వైరెందుకు, ఒకటిన్నర చాలదా’’ అని దుకాణంలో అరగంట వాదించాడు.

జకూజీ అనేది, తెలియనివాళ్లకు చెబుతున్నాను, ఒక ఇంటిపేరు. ఇటలీ నుంచి కాలిఫోర్నియా వెళ్లిన అన్నదమ్ములు. బావి పంపులు చేసేవాళ్లు. వాళ్లలో ఒకాయన కొడుకు కీళ్లవాతంతో బాధపడుతుంటే తొట్టిలో పెట్టే పంపు తయారుచేసి, 1956లో అమ్మకానికి తెచ్చాడు. బావి పంపు దగ్గర బయల్దేరిన సరుకును 70 ఏళ్లకు మనం మళ్లీ బోరు స్టార్టరు అంతస్తుకు దించాం.

నియమాలు లేక కాదు. లీకేజీని పట్టే పరికరం ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనల్లో ఉంది, 2023లో తిరగరాసిన వాటిలోనూ ఉంది. జాతీయ నేర నమోదు బ్యూరో లెక్కల్లో కరెంటు షాకుతో పోతున్నవాళ్లు ఏటా 10,000 పైమాటే. వాళ్లంతా జకూజీల్లో పోలేదు. బట్టలారేసే ఇనుప దండెం దగ్గర, కూలరు దగ్గర, బకెట్లో హీటరు రాడ్డు పెట్టి నీళ్లు కాగాయో లేదోనని వేలు ముంచి చూసిన చోట పోయారు. ‘‘ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఏమీ కాలేదు’’ అనే మాట వాళ్లూ అనే ఉంటారు, ముందు రోజు వరకు.

పట్టుబట్టి మర్నాడు మా పాత సెక్షనులో పనిచేసిన కుర్రాణ్ని తీసుకెళ్లాను. పూజగదిలోంచి ఆర్‌సీసీబీ తెచ్చి మళ్లీ బోర్డులో బిగించాడు. టప్పున పడింది. ‘‘చూశావా బావా!’’ అన్నాడు బావమరిది, గెలిచినవాడిలా. కుర్రాడు మాట్లాడకుండా ఒక్కో లైనూ విప్పుకుంటూ పోయాడు. ఇన్వర్టరు పెట్టినవాడు దాని న్యూట్రల్‌ను బయటి న్యూట్రల్‌తో కలిపేశాడు. అది విడదీశాక కాసేపు నిలబడి మళ్లీ పడింది. ఈసారి కింద గెస్టు రూము గీజరు. పాత ఇంట్లో ఏళ్లతరబడి బోరు నీళ్లకు ఉప్పు పేరుకున్నదాన్ని ఊడదీసి తెచ్చి బిగించారు. ఎలిమెంటు పగిలి నీళ్లలోకి కరెంటు వస్తోంది. ఆ రూములో గృహప్రవేశం రాత్రి మా అత్తగారు పడుకున్నారు. పొద్దున చన్నీళ్లతో చేస్తానన్న ఆవిడ మొండితనానికి నేను మొదటిసారి మనసులో నమస్కారం పెట్టుకున్నాను.

రెండు గంటల పని. రోజుకు నాలుగుసార్లు ఆ పెట్టె చెప్పింది రెండూ నిజాలే. టబ్బుకు విడిగా లైను, కొత్త ఎర్తు గుంత అయ్యేదాకా ప్లగ్గు పీకి నా దగ్గరే పెట్టుకున్నాను. బావమరిది రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, ఉపన్యాసం ఇచ్చిన ఊపులో, మా హాల్లో బోర్డు మూత తీసి ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని ఉండే బటన్ నొక్కాను. నెలకోసారి నొక్కి చూడమని దాని మీదే ఉంటుంది. పెట్టించి 11 ఏళ్లయింది, ఇదే నొక్కడం. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి, ‘‘ఏమండీ, ఏం చేస్తున్నారక్కడ?’’ అంది.

మర్నాడు కొత్తది వేయించాను. బేరం ఆడలేదు.