అష్టభోగాలు సరే, అమ్మకు నెలకెంత?

తెలుగునాట సెటిల్‌మెంట్ దస్తావేజు చదివితే ముచ్చటేస్తుంది. కొడుక్కి రాసిచ్చేది రెండు గదుల ఇల్లే అయినా నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా అష్టభోగాలూ ధారపోస్తారు. పెరట్లో లేని నిధి మీద కూడా వాడికి హక్కే. తూర్పున ఎవరి ప్రహరీ, పడమర ఎన్నడుగుల బజారు, అంగుళం తప్పదు. రాసిచ్చిన ముసలివాళ్లు రేపటి నుంచి ఏం తింటారో మాత్రం ఒక్క ముక్క ఉండదు. అడిగితే లేఖరి కన్నా ముందు తండ్రే కసురుకుంటాడు: "కన్నకొడుకు దగ్గర షరతులేంటండీ, నలుగురూ నవ్విపోతారు!"

ఇదే పెద్దమనిషి వెనక పోర్షన్ అద్దెకిచ్చినప్పుడు ఐదో తారీఖు దాటితే ఏం చేస్తాడో కూడా రాయించుకున్నాడు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టానికి ఈ మొహమాటాలు తెలియవు. మనసు విరిగినంత మాత్రాన ఇచ్చిన దానం వెనక్కి రాదు. ఫలానాది జరిగితే రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉండాలంటుంది 126వ సెక్షన్. ముందుచూపున్నవాళ్లు "మంచీచెడ్డా చూసుకొనవలెను" అని రాయిస్తారు. నెలకెంతో, ఏ తేదీకో, ఇవ్వకపోతే ఏమవుతుందో లేని ఆ వాక్యాన్ని అవతలి ప్లీడరు దీవెన కింద కొట్టిపారేస్తాడు.

2007లో వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. చూసుకోవాలనే షరతు మీద ఆస్తి పుచ్చుకుని గాలికొదిలేస్తే, ఇచ్చినవాళ్లు కోరితే ఆ బదలాయింపు చెల్లదంది 23వ సెక్షన్. బాగానే ఉంది, షరతేదీ? 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అడిగింది అదే. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడ కేసులో మాత్రం చట్టాన్ని ఉదారంగా చదవాలంది. అక్కడ దానపత్రంతో పాటు అదే రోజు కొడుకు, చూసుకుంటానని విడిగా వచనపత్రం రాసిచ్చాడు. హైకోర్టు కంటికి ఆనని షరతు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టేసరికి సుప్రీంకోర్టుకు కనిపించింది. ఫిబ్రవరి 28లోగా ఆస్తి తల్లికి అప్పగించమంది.

అదే ఏడాది మద్రాసు హైకోర్టు మరో అడుగు ముందుకేసింది. షరతు విడిగా రాయక్కర్లేదు, ప్రేమాభిమానాలతో ఇవ్వడంలోనే అది ఇమిడి ఉందంది. ప్రేమాభిమానాలు! లేఖరి అలవాటు కొద్దీ ప్రతి దస్తావేజులోనూ తాలింపులో కరివేపాకులా వేసే మాట. నెలకింతని అంకె వేయడానికి సిగ్గుపడ్డ ఇళ్లలో ఇప్పుడు తల్లి తరఫు ప్లీడరు వెతుక్కునేది ఆ కరివేపాకునే.