నేను బైండు పుస్తకాన్ని

నన్ను పుస్తకమంటే పుస్తకాలే ఒప్పుకోవు. నాకు పబ్లిషరు లేడు, ముఖచిత్రం లేదు, వెల లేదు. 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా వచ్చింది. పటాన్‌చెరులో ఒక ఇల్లాలు ఆ పేజీలు వారం వారం చించి, పరుపు కింద దాచి, చివరికి కుట్టించింది. దబ్బనం పోట్లు, మైలుతుత్తం కలిపిన మైదా జిగురు, పాత క్యాలెండరు అట్ట. అదీ నా పుట్టుక.

ఆమె పెనిమిటి పారిశ్రామికవాడలో షిఫ్టుల మీద పనిచేసేవాడు. ఆయనకు నైట్ డ్యూటీ పడిన వారం ఆమె నన్ను ముట్టేది కాదు. చేతబడి, కాష్మోరా, మధ్యలో పసిపిల్ల తులసి! ఒంటరిగా ఎవరు చదువుతారు? వాడకట్టులో మాత్రం నాకు గిరాకీ తగ్గలేదు. పసుపు వేళ్లతో తిప్పినవాళ్లు, గుర్తుకోసం మూలలు మడిచినవాళ్లు, ముందే చివరి పేజీ చూసేసినవాళ్లు. ఒకాయన నా మీద చాయ్ గ్లాసు పెట్టాడు. ఆ గుండ్రటి మరక ఇంకా ఉంది.

ఇంటి ఆడపిల్లకు చదవడం వచ్చాక ముందు చదివింది నా కథ కాదు, నా వీపు. సీరియల్ పేజీకి అటువైపు ఏముంటే అదే నాకు దక్కింది: సగం వంటకం, సబ్బు ప్రకటన, జోకు మొదలు. జోకు ముగింపున్న పేజీ ఏ పొట్లానికో పోయింది. తనే ఏదో ముగింపు కల్పించుకుని పకపకా నవ్వేది. ఎనిమిదో తరగతిలో నన్ను మొదటినుంచి చివరిదాకా దుప్పట్లో దూరి చదివింది.

ఆమె చదువు ఎటు పోతోందో నా నెత్తిన పడే పుస్తకాలే చెప్పేవి. మొదట చందమామలు, ముళ్లపూడి ‘బుడుగు’. తర్వాత లెక్కల పుస్తకంలో దాగి వచ్చిన మధుబాబు షాడో. ఇంటర్లో యద్దనపూడి ‘సెక్రటరీ’. డిగ్రీకి సంగారెడ్డి బస్సెక్కాక బరువు పెరిగింది: గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. చలం ‘మైదానం’ మాత్రం నా కింద దాచింది. చేతబడి నవల పైన, చలం కింద! ఆ ఇంట్లో దేనికెక్కువ భయపడేవారో మీరే ఊహించుకోండి.

ఒక సాయంత్రం దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ తల్లికి చదివి వినిపించింది. “మనం మాట్లాడినట్టే ఉందేందే! గిట్ల రాస్తె గూడ నవల అయితదా బిడ్డా?” అని ఆమె ఆశ్చర్యపోయింది. మర్నాటికల్లా వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ వచ్చి చేరింది. అసూయపడ్డాను. నాలోని మనుషులెవరూ ఆ ఇంటి భాష మాట్లాడరు మరి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. రంగనాయకమ్మ విమర్శ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ ఆ పిల్ల తెచ్చి సరిగ్గా నా మీదే పెట్టింది. మళ్లీ నన్ను తెరవలేదు. మూఢనమ్మకాలు పెంచానంటే కాదనను. కానీ లావుపాటి నవల వదలకుండా చదవడం ఆ పిల్లకు అలవాటు చేసిందెవరు? పెద్ద పేరున్న పుస్తకాలు ఈ ముక్క ఒప్పుకోవు.

ఆమె పెళ్లయి వెళ్లింది. నన్ను అటకెక్కించారు. పక్కన చెడిపోయిన మిక్సీ, వెండిపురుగులు, వానాకాలం చెమ్మ, రాత్రిళ్లు ఫ్యాక్టరీల ఘాటు వాసన. దారం పుచ్చి, ‘సశేషం’ అని ఉన్న పేజీలు ఒక్కొక్కటే జారిపోయాయి. నన్ను కుట్టించిన చేయి కూడా పైకి రావడం మానేసింది. మోకాళ్ల నొప్పులట.

ఇల్లు మారుతూ ఆ ఇల్లాలి కొడుకు నన్ను తూకానికి వేశాడు. పాత పేపర్లు కొనేటాయన అటూ ఇటూ తిప్పి, “ఇది బుక్కు కాదన్నా, పేపర్ రేటే వస్తది” అన్నాడు. బేరం కుదిరింది.

అచ్చు నవలకు నా అవసరం లేదు. కానీ ఆ వారాల బొమ్మలు, ఎక్కడ ఆపి ఊరించారో ఆ చోట్లు, వీపు మీది సగం జోకులు నా వంటివాటిలోనే ఉన్నాయి. మీ అటక మీద ఇలాంటి బైండు ఉంటే, త్రాసులో వేసేముందు ఇంట్లో పెద్దావిడకు ఒకసారి చూపించండి.