పెట్టె గుట్టు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

ఆన్‌లైన్ వర్చువల్ లోకాలలో కంటికి కనబడేది రెండు విధాలు: నిలిచేది, పారేది. గోడ, గుడి, చెట్టు, గుర్రం మీది జీను, వీటిపై పరచిన బొమ్మలు నిలిచేవి. ఆ లోకంలోనే ఒక తెర మీద ఆడే వీడియో పారేది. నిలిచేదాన్ని వాడుకరి కంప్యూటరు తన డిస్కులో దాచుకుంటుంది. ఆ దాపుకు కాష్ అని పేరు. పారేదాన్ని వచ్చినంత మేర చూపించి వదిలేస్తుంది, అది స్ట్రీమింగ్. ఈ రెంటి భేదం తెలియనివారు ఒకదానికి చేయవలసిన వైద్యం రెండోదానికి చేస్తుంటారు. వారి కోసం పుట్టింది ఈ పద్యం. దీనికి లక్ష్యం సెకండ్ లైఫ్ అనే లోకం. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ సంస్థ 2003 జూన్‌లో దాన్ని అందరికీ తెరిచింది. ఉదాహరణ మద్దికెర అనే ఊరు.

మూలం

చూచినట్టి బొమ్మ చుట్టమై నిలుచును
పారు వీడియోలు పరుగు దీయు
పాతదూడ్చి క్రొత్త పాలికి చోటిచ్చు
పెట్టె గుట్టు తెలియ పిలుపు తగ్గు

ప్రతిపదార్థం

చూచినట్టి బొమ్మ = ఒకసారి తెర మీదికి వచ్చిన బొమ్మ; చుట్టమై = చుట్టం వలె; నిలుచును = ఉండిపోతుంది; పారు వీడియోలు = ప్రవాహంగా వచ్చే వీడియోలు; పరుగు తీయు = ఆగక వెళ్లిపోతాయి; పాతది + ఊడ్చి = పాతదాన్ని తుడిచివేసి; క్రొత్త పాలికి = కొత్తగా వచ్చినదాని వాటాకు; చోటు + ఇచ్చు = తావు ఇస్తుంది; పెట్టె గుట్టు = కాష్ మర్మం; తెలియ = తెలిసినట్లయితే; పిలుపు = సర్వరుకు పంపే అభ్యర్థన; తగ్గు = తగ్గుతుంది.

అన్వయం

మూడో పాదంలో చోటిచ్చేది ఎవరో చెప్పలేదు. నాలుగో పాదంలోని పెట్టెను వెనక్కి తెచ్చి కర్తగా కలుపుకోవాలి. కర్త ఇంత ఆలస్యంగా రావడం దోషమని పూర్వపక్షం. వర్చువల్ లోకంలో ఏ వస్తువూ వరుసలో రాదు, ముందు జీను వచ్చి తరువాత గుర్రం రావడం కద్దు గనుక ఇది విషయోచితమేనని సిద్ధాంతం.

ఉదాహరణ

మద్దికెరలో ఏటా విజయదశమికి గుర్రాల పార్వేట జరుగుతుంది. యాదవ రాజవంశీకులైన పెద్దనగరి, చిన్ననగరి మొదలైన కుటుంబాల వారు బొజ్జనాయునిపేటలోని భోగేశ్వరస్వామి గుడిలో పూజ చేసి, అక్కడి నుంచి మద్దికెరకు పందెంగా గుర్రాలను దౌడు తీయిస్తారు. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న మద్దికెరవాడు ఒకడు ఆ దారినీ గుడినీ సెకండ్ లైఫ్‌లో కట్టి, పక్కనే తెర నిలిపి, అసలు పందెం వీడియోను దాని మీద ఆడించాడని అనుకుందాం. అక్కడ ఒక ప్రాంతం 256 మీటర్ల చదరం. కిలోమీటరు దారికి అటువంటివి నాలుగు వరుసగా కావాలి. ఊరివాళ్లు పదిమంది తలా ఒక ఊరి నుంచి వచ్చి ఆ తెర ముందు చేరారు. వ్యాఖ్య అంతా ఈ పదిమంది మీద నడుస్తుంది.

మొదటి పాదం: నిలిచే బొమ్మలు

లోకాన్ని నడిపే సర్వరు ముందుగా చెప్పేది ఇంతే: ఏ వస్తువు ఎక్కడ ఉంది, దాని ఆకారం ఏమిటి, దానిపై ఏ బొమ్మ పరచాలి. బొమ్మను పేరుతో కాక గుర్తింపు సంఖ్యతో చెబుతుంది. అందులో అంకెలు, అక్షరాలు కలిపి 32, నడుమ అడ్డగీతలు 4, వెరసి 36. వాడుకరి కంప్యూటరులో ఈ లోకాన్ని చూపే ప్రోగ్రాము, అంటే వ్యూయర్, ఆ సంఖ్యను తన పెట్టెలో వెతుకుతుంది. ఉంటే అక్కడి నుంచే పరుస్తుంది; లేకుంటే నెట్టు మీద అడిగి తెప్పించి, పరిచి, ఒక ప్రతిని పెట్టెలో వేసుకుంటుంది.

దాచిన బొమ్మ పాతబడిపోదా అని శంక. పాతబడదు. గుర్రం జీను మీది అల్లిక మార్చాలంటే కొత్త బొమ్మను ఎక్కించాలి. కొత్త బొమ్మకు కొత్త సంఖ్య పడుతుంది. సంఖ్య అదే ఉండగా బొమ్మ మారడమన్నది లేదు. కనుక పెట్టెలోని ప్రతి ఎన్నాళ్లయినా నమ్మదగినదే. పద్యకర్త చుట్టం అన్నది ఇందుకే. వచ్చిన చుట్టం కదలకపోవడం లోకంలో గృహస్థుకు భారం. ఇక్కడ అదే లాభం. లోకంలో దోషమైనది కావ్యంలో గుణం కావడం చమత్కారం.

బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి ఉంటాయి. ఈ పద్ధతిలో ఫైలు మొదటి భాగం చేరగానే మసక రూపం కనబడుతుంది. మిగతాది చేరే కొద్దీ తేటపడుతుంది. భోగేశ్వరస్వామి గుడి మొదట బూడిద రంగు దిమ్మెగా, ఆపై మసకగా, చివరికి రాతి గీతలతో సహా కనబడడానికి కారణం ఇది. మనుషుల రూపాలు పూర్తిగా చేరేదాకా మేఘాలుగా నిలుస్తాయి. దేవతలు మేఘాల నుంచి దిగుతారన్న పురాణోక్తికి ఇది నిదర్శనమని కొందరు. నెట్టు నెమ్మదిగా ఉందనడానికి మాత్రమే నిదర్శనమని తక్కినవారు.

రెండో పాదం: పారే వీడియోలు

వీడియో దారి పూర్తిగా వేరు. స్థలం యజమాని తన తెరకు ఒక వెబ్ చిరునామా రాసిపెడతాడు. లోకపు సర్వరు ఆ చిరునామాను వచ్చినవారికి అందించి ఊరుకుంటుంది. వీడియోను తాను మోయదు. ఒక్కొక్కరి వ్యూయర్ విడివిడిగా ఆ చిరునామాకు వెళ్లి వీడియో తెచ్చుకుంటుంది. తొలి రోజుల్లో ఈ పని క్విక్‌టైమ్ చేసేది. ఇప్పుడు వెబ్ పేజీలోని వీడియోను వ్యూయర్ లోపల ఇమిడిన క్రోమియం బ్రౌజరు ఆడిస్తుంది.

దీని నుంచి మూడు ఫలితాలు వస్తాయి. మొదటిది: పదిమంది చూస్తుంటే పది ప్రవాహాలు. ఆ భారం లిండెన్ ల్యాబ్ మీద కాక వీడియో ఉంచిన సర్వరు మీద పడుతుంది. రెండోది: ఒకరి తెర మీద పెద్దనగరి గుర్రం ముందుంటే, అదే క్షణాన మరొకరి తెర మీద గుర్రాలింకా గుడి ముందే ఉండవచ్చు. ఆలస్యంగా వచ్చినవాడికి వీడియో మొదటి నుంచి ఆడవచ్చు. పక్కపక్కన నిలబడి ఒకే తెరను చూస్తున్నామన్నది వారి నమ్మకం. ఉన్నవి పది తెరలు. మూడోది: వీడియో తెచ్చుకున్న ప్రతివారి ఐపీ చిరునామా ఆ వీడియో సర్వరుకు తెలుస్తుంది. అందుకే ముక్కూమొహం తెలియనివారి స్థలంలో వీడియో తనంత తాను మొదలు కాకుండా వ్యూయర్‌లో ఆపుకునే వీలుంది.

వీడియోను కూడా చుట్టాన్ని చేసి పెట్టెలో ఉంచుకోరాదా అని పూర్వపక్షం. లెక్క చూడాలి. 1024 బిందువుల పొడవు, అంతే వెడల్పు గల బొమ్మను విప్పితే మెమరీలో 3 మెగాబైట్లు. కుదించి డిస్కులో దాచితే ఇంకా తక్కువ. సెకనుకు 3 మెగాబిట్ల వీడియో గంటసేపు పారితే 1,350 మెగాబైట్లు. బొమ్మను ఆ దారిన వెళ్లినప్పుడల్లా చూస్తారు. వీడియోను సాధారణంగా ఒకసారి చూస్తారు. ప్రత్యక్ష ప్రసారమైతే రెండోసారి అడగడానికి అదే ఘడియ మళ్లీ రాదు. కనుక వీడియోకు పెట్టె కాదు, బఫర్ తగినది. రాబోయే కొన్ని సెకన్ల భాగాన్ని ముందే తెచ్చి ఉంచడం బఫర్ పని. నెట్టు కాస్త తడబడినా అది ఉన్నంతసేపు గుర్రం ఆగదు. అది అయిపోతే గిరగిర తిరిగే చక్రం దర్శనమిస్తుంది.

మూడో పాదం: పెట్టె కొలత

పెట్టెకు హద్దుంది. ఎంత డిస్కు ఇవ్వాలో వాడుకరే వ్యూయర్ సెట్టింగులలో నిర్ణయిస్తాడు. హద్దు దాటితే పాతవి పోతాయి. పాత అనగా ముందు వచ్చినది అని పామరార్థం. చాలా రోజులుగా ఎవరూ అడగనిది అని పరమార్థం. మొదటి రోజే చేరినా, రోజూ కనబడే గుడిగోడ బొమ్మ నిలుస్తుంది. నిన్న వచ్చినా, మళ్లీ వెళ్లని అంగడి బొమ్మలకు ముందుగా వంతు వస్తుంది. పెట్టె మరీ చిన్నదైతే దారి ఈ కొసలో తెచ్చుకున్నది ఆ కొస చేరేలోగా పోయి, వెనక్కి తిరిగితే మళ్లీ అడగవలసి వస్తుంది.

నాలుగో పాదం: పిలుపు

పిలుపు తగ్గడమే కాష్ ప్రయోజనం. లోకపు సర్వర్లు అమెరికాలో ఉన్నాయి. మొదట్లో మద్దికెర నుంచి ప్రతి పిలుపూ సముద్రాలు దాటి తిరిగి రావలసి వచ్చేది. వందల బొమ్మలకు అది ఆలస్యమయ్యేది. 2014లో లిండెన్ ల్యాబ్ బొమ్మలను సీడీఎన్ ద్వారా పంచడం మొదలుపెట్టింది. అనగా ఒకరు అడిగిన బొమ్మ నకలు దారిమధ్యలోని సర్వరులో ఉండి, దగ్గరలో మరొకరు అడిగినప్పుడు అక్కడి నుంచే వస్తుంది. కనుక పెట్టె అన్న ఏకవచనాన్ని బహువచనంగా గ్రహించాలి: మెమరీ ఒక పెట్టె, డిస్కు ఒక పెట్టె, దారిలోని సర్వరు ఒక పెట్టె.

ఇక్కడే సామాన్యంగా జరిగే పొరపాటు. ఏ చిక్కు వచ్చినా కాష్ క్లియర్ చేయమని సలహా చెప్పడం వాడుక. పార్వేట వీడియో ఆగిందని బొమ్మల పెట్టెను ఖాళీ చేస్తే వీడియో కదలదు. ఉన్న గుడి కూడా బూడిద రంగుకు తిరిగి, అన్ని బొమ్మలనూ మళ్లీ పిలవవలసి వస్తుంది. ఆ పిలుపుల రద్దీలో వీడియో ఇంకా నెమ్మదిస్తుంది. పెట్టెలోని ఫైలు చెడిపోయి బొమ్మ వికృతంగా కనబడినప్పుడు మాత్రం ఖాళీ చేయడం తగిన పని.

ఛందస్సు

ఆటవెలదిలో బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాలకు ఐదు సూర్యగణాలు. నాలుగో గణం తొలి అక్షరం యతి. రెండో పాదంలో గణాలు పారు, వీడి, యోలు, పరుగు, దీయు అని విడతాయి. వీడియో అన్న మాట రెండు గణాల మధ్య ముక్కలైంది. ఇది అశక్తి కాదు. యాపిల్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను విడి ఫైలుగా పంపుతుంది. నెట్టు బలాన్ని బట్టి తరువాతి ముక్కను మందంగానో పలచగానో ఎంచుకుంటుంది. పద్యకర్త ఆ పద్ధతినే ఛందస్సులో చూపాడు. పారు అన్న మాటలో పార్వేట ధ్వనిస్తుందని మద్దికెర రసికుల మతం. దానికి అభ్యంతరం లేదు.

తాత్పర్యం

ఒకసారి చూసిన బొమ్మ కంప్యూటరులో నిలిచి, మళ్లీ అడిగే పని లేకుండా చేస్తుంది. వీడియో నిలవదు, ఎవరిది వారికి వేరుగా, బయటి సర్వరు నుంచి పారి వెళ్లిపోతుంది. పెట్టె నిండితే వాడుక తప్పినవి తొలగి కొత్తవాటికి చోటు దొరుకుతుంది. ఈ మర్మం తెలిసినవారు పెట్టెకు తగినంత డిస్కు ఇచ్చి, గోడ బూడిద రంగులో ఉంటే బొమ్మలు చేరేదాకా ఆగుతారు; తెర ఆగితే వీడియో చిరునామానూ నెట్టునూ చూసుకుంటారు; బొమ్మ చెడినప్పుడే పెట్టెను ఖాళీ చేస్తారు.