ఇరవై నీలాలూ, ఒక ఇస్త్రీ పెట్టె

బార్జెల్లో క్విల్టును దూరం నుంచి చూసినవాళ్ళు ముందుగా అనే మాట, "అబ్బ, ఆ అలలు ఎంత వయ్యారంగా తిరిగాయో!" అని. అలా అన్నవాళ్ళు దాన్ని కుట్టినవాళ్ళు కారు. కుట్టేవాళ్ళ పక్కన నిలబడి ఇస్త్రీ చేసిపెట్టినవాళ్ళు అసలే కారు. నేను రెండో జాతివాణ్ణి కనక అధికారంతో చెబుతున్నాను: అందులో వంపన్నది మచ్చుకైనా లేదు. అన్నీ తిన్నని కోతలే, తిన్నని కుట్లే. తిన్నని ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి మెట్లు మెట్లుగా జరుపుకుంటూ పోతే, అల పుట్టేది గుడ్డలో కాదు, చూసేవాడి కంట్లో.

మేముండేది హ్యూస్టన్‌లో. ఇక్కడ బొంత కప్పుకోదగ్గ చలి సంక్రాంతికి అటూ ఇటూ కాస్త తొంగిచూసి పోతుంది. అయినా ఏటా శరత్కాలంలో ప్రపంచంలోని క్విల్టులోళ్ళంతా ఈ ఊరికే దిగుతారు, ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్‌కని. అక్కడ ఓ బార్జెల్లో ముందు మా ఆవిడ కదలకుండా నిలబడిపోయింది. నేను కాఫీ ఎక్కడ దొరుకుతుందా అని దిక్కులు చూస్తున్నాను. సంసారాల్లో పెద్ద నిర్ణయాలన్నీ మొగుడు కాఫీ వెతుక్కుంటున్నప్పుడే జరిగిపోతాయి.

బార్జెల్లో అన్న పేరు వెనక ఒక జైలుంది. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో 1255లో కట్టడం మొదలుపెట్టిన బార్జెల్లో భవనం అది. కొన్ని శతాబ్దాలు అందులో ఖైదీలను ఉంచారు, దాని ముంగిట్లోనే మరణశిక్షలు అమలు చేశారు. 1786లో ఆ ఊరున్న రాజ్యంలో మరణశిక్షే రద్దయింది. 1865లో భవనం మ్యూజియమైంది. అక్కడున్న పదిహేడో శతాబ్దపు కుర్చీల మీద మంటల్లా ఎగసే నగిషీ ఉంది. ఆ నగిషీకి భవనం పేరు అంటుకుంది, తరవాత అమెరికా ఆడవాళ్ళు దాన్ని గుడ్డముక్కల్లోకి దించారు. జైలు గుణం మాత్రం పోలేదు.

మొదటి శిక్ష రంగులు. లేత నుంచి ముదురుకి మెట్టు తెలియకుండా దిగే ఇరవై గుడ్డలు కావాలి. ఆవిడ నీలం ఎంచుకుంది. నాకు తెలిసిన నీలాలు మూడు: లేత, ముదురు, నెమలికంఠం. మిగతా పదిహేడూ బల్ల మీద పరిచి, "ఏమండీ, ఈ రెండూ ఒకలా ఉన్నాయా, తేడా కనబడుతోందా?" అని అడిగింది. చీరల కొట్లో పెళ్ళైన కొత్తలో ఎదురయ్యే ప్రశ్నే ఇది, కాకపోతే అక్కడ తప్పు చెబితే కొట్టువాడైనా అడ్డుపడతాడు. చివరికి ఫోనుతో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూసుకుంది. రంగు తీసేస్తే లేతా ముదురూ నిజం చెబుతాయట. నన్ను మాత్రం ఆ ఫొటోను నమ్మినంతగా ఎవరూ నమ్మలేదు.

తరవాతి పని వింటే మా అత్తగారికి వచ్చిన సందేహమే మీకూ వస్తుంది. ఇరవై గుడ్డల్నీ రెండున్నర అంగుళాల పట్టీలుగా కోయాలి. వాటిని వరసగా కుట్టి ఒక్క గుడ్డ చేయాలి. ఆ గుడ్డ రెండు అంచుల్నీ కలిపి గొట్టంలా కుట్టాలి. కుట్టినదాన్ని మళ్ళీ అడ్డంగా కోయాలి.

"ఏమే, కొత్త గుడ్డ కొని, కోసి, కుట్టి, మళ్ళీ కోస్తావా?" అన్నారావిడ తెనాలి నుంచి వీడియో కాల్లో. "అక్కడ పాత చీరలు దొరకవుటే?" తరవాత నావైపు తిరిగి, "మీరైనా చెప్పద్దుటండీ అల్లుడుగారూ!" అన్నారు. ఆవిడ నాలుగు నేత చీరలు మడిచి, సూదితో పెద్ద పెద్ద కుట్లు వేసి, ఒక ఎండాకాలంలో ఇంటిల్లిపాదికీ బొంతలు కుట్టిన మనిషి. గజం పన్నెండు డాలర్ల గుడ్డని ముక్కలు చేయడం ఆవిడ శాస్త్రంలో లేదు.

అసలు కథ ఆ గొట్టం దగ్గరుంది. దాన్ని కోస్తే గాజుల్లా వలయాలొస్తాయి. ప్రతి వలయానికీ ఒక్కచోట కుట్టు విప్పాలి. మొదటిదానికి ఒకటో రంగు దగ్గర, రెండోదానికి రెండో రంగు దగ్గర, అల కిందికి తిరగాలనుకున్నచోట మళ్ళీ వెనక్కి. ఒక్క వలయం తప్పుచోట విప్పితే అల కాస్తా గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. సన్నగా కోసినచోట అల నిటారుగా లేస్తుంది, వెడల్పుగా కోసినచోట తీరిగ్గా వాలుతుంది. ఆ నిటారుతనం కోసం అంగుళం వెడల్పు ముక్కలు కోసింది. రెండు వైపులా కుట్టులోకి పావు అంగుళం చొప్పున పోతే పైకి కనబడేది అర అంగుళం. అంటే ఆ ముక్క వెడల్పులో సగం వెనకాల దాక్కుంటుంది. దాక్కున్న సగానికి కూడా బిల్లు కట్టింది నేనే.

ఇక కుట్టు. పావు అంగుళమంటే పావు అంగుళమే. అంగుళంలో వీసం ఎక్కువ తిన్నా, ఒక్కో పట్టీ రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు కరుగుతుంది. ఇరవై పట్టీలకీ రెండున్నర అంగుళాలు, అంటే ఒక పట్టీకి పట్టీయే మాయం! అన్నీ సమంగా కరిగినా ఫరవాలేదు, ఒకటి కరిగి పక్కది కరక్కపోతేనే చిక్కు. ఇటు రంగు గీత అటు రంగు గీతతో కలవదు. అందుకే ప్రతి ముక్క వెనకా కుట్టు మడతల్ని ఒకదానికి పైకి, పక్కదానికి కిందికి తిప్పి ఇస్త్రీ చేయాలి. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. ఈ పైకీ కిందకీ శాఖ నాకు దక్కింది. ఇస్త్రీ పెట్టెను తోయకూడదట, పెట్టి తీయాలట. తోస్తే గుడ్డ సాగుతుంది. లుంగీలు ఇస్త్రీ చేసుకున్న చేతికి ఈ మర్యాద రావడానికి చాలా కాలం పట్టింది.

పై గుడ్డ పూర్తయ్యాక తెలిసింది, అది ఇంకా క్విల్టు కాదని. లోపల దూది పొర, కింద అస్తరు, మూడింటినీ కలిపి కుట్టు, ఆపైన చుట్టూ అంచు. అదంతా మరో పంచవర్ష ప్రణాళిక.

మొత్తానికి దాన్ని హాల్లో గోడకి వేలాడదీసింది. కప్పుకోవడానికి కాదు, ముట్టుకోవడానికీ కాదు. భోజనానికొచ్చిన మిత్రులంతా "ఏ సైట్లో కొన్నారు?" అని అడిగి వెళ్ళారు. మా అత్తగారికి ఫోన్లో చూపించాం. అరచేతంత తెరలో, అదీ ఆగి ఆగి కదిలే బొమ్మలో ఆవిడ కాసేపు చూశారు.

"బాగుందే. పై నుంచి ఆరో గడి, ఎడమపక్క, అక్కడ గీత కలవలేదేం?"

మా ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, వేలితో తడిమింది. ఆ తరవాత నావైపు చూసింది.

"ఏమండీ, ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టారు?"