కథ రాసేది చెవితో నాయనా!

కథలో మనిషికి ఇష్టమైన రంగేమిటో తెలిస్తే మాత్రం ఏం ఒరుగుతుంది నాయనా? ఈమధ్య కథలు రాయడం నేర్పే శిక్షణ తరగతుల్లో పిల్లలకి ఓ కాగితం ఇస్తున్నారు. పాత్రను పెంచే అభ్యాసమట. పేరు, వయసు, ఎత్తు, ఇష్టమైన కూర, చిన్నప్పుడు జడుసుకున్న సంగతి, ఎవరికీ చెప్పని రహస్యం... అన్నీ గడుల్లో నింపాలి. మా మనవరాలు శ్రద్ధగా నింపుకొచ్చింది. బ్యాంకులో పనిచేసే అమ్మాయి, పసుపు రంగంటే ఇష్టం, బల్లంటే భయం. "మరి ఈ పిల్లకి కోపమొస్తే ఏమంటుందే?" అని అడిగాను. "ఆ గడి ఇందులో లేదు తాతయ్యా" అంది. అదీ వరస!

మా రోజుల్లో మాకు ఇలాంటి కాగితాలు ఎవరిచ్చారు? అక్షరం ముక్క వచ్చిన కుర్రాడు ఒకడుంటే చాలు, వీధి వీధంతా వాడి చేత ఉత్తరాలు రాయించుకునేది. బడినుంచొచ్చి పుస్తకాల సంచీ అరుగు మీద పెట్టేలోగానే ఎవరో ఒకరు ఇన్లాండు లెటరు పట్టుకుని నిలబడేవారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే పనికి వెళ్ళిన కొడుక్కి తల్లి, జంషెడ్‌పూర్ వెళ్ళిన మొగుడికి పెళ్ళాం. రాయడంతో పని అయిపోయేది కాదు, చదివి వినిపించాలి. 'డబ్బు పంపవలెను' అని చదివితే ఆ తల్లి ఒప్పుకునేది కాదు. "డబ్బూసెత్తకు బాబూ. ఇల్లు కారతందని రాయి. వానలు ముందే వచ్చేశాయని రాయి. ఆడికి తెలుస్తాది" అనేది. కోడలు రాయించినప్పుడు ఇంకో చిత్రం. అత్తగారు పక్కనే కూర్చుని వింటోంది కాబట్టి ఆ పిల్ల చెప్పేదంతా గేదె గురించే. గేదె పాలివ్వడం మానేసిందని, దాని మనసు బాగోలేదని. ఆ గేదె ఎవరో రాసే నాకు తెలుసు, చదివే మొగుడికి తెలుసు, పక్కన కూర్చున్న అత్తగారికీ తెలుసేమో. ఇప్పుడు మీకు బోర్డు మీద 'చెప్పకు, చూపించు' అని రాసి ఫీజు తీసుకుంటున్నారే, ఆ పాఠం నాకు చెప్పినావిడకి వేలిముద్రే తప్ప సంతకం రాదు.

మా విజయనగరం గురజాడవారు 1910లో 'దిద్దుబాటు' రాశారు. అందులో గోపాల్రావు పొడుగా పొట్టా అని ఎవరైనా అడిగారా? రాత్రి పొద్దుపోయాక ఇంటికొచ్చి తలుపు కొడతాడు. చూస్తే భార్య కమలిని ఇంట్లో లేదు. ఇక మిగిలింది నౌకరు రాముడు. అయ్యగారి మాట ఒక తీరు, రాముడి మాట ఒక తీరు. ఆ తేడాలోంచే ఇద్దరూ లేచి మన ముందు నిలబడతారు. రావిశాస్త్రిగారు విశాఖపట్నంలో వకీలు. కోర్టుకొచ్చే బీదాబిక్కీ, పోలీసులూ, సాక్షులూ ఎలా మాట్లాడతారో ఏళ్ళ తరబడి విన్నారాయన. 'ఆరు సారా కథలు' తీసి, మాట్లాడేవాడి పేరు మీద వేలు పెట్టి మూసి చదువు. అయినా ఎవరిదా గొంతు అన్నది తెలిసిపోతుంది. మీ కథల్లోనో? తాతా, మనవడూ, పాలవాడూ, కలెక్టరూ అందరూ ఒక్కలాగే మాట్లాడతారు. అందరికీ ఇష్టమైన రంగులు మాత్రం వేరు.

ఇక చోటు సంగతి. ఒక ఫొటో ఇచ్చి, పంచేంద్రియాలకీ తగిలేట్టు వర్ణించమంటారట. కనబడేవి రెండు, వినబడేవి రెండు, ఒక వాసన, ఒక రుచి. అందుకే ఇప్పుడు ఏ కథలో వాన పడినా మట్టి వాసనే, ఏ వంటింట్లోకి వెళ్ళినా పోపు ఘాటే. మేం నడిచేవాళ్ళం నాయనా. సంతకి నడక, సినిమాకి నడక, గంటస్తంభం దగ్గర పేపరు చదవడానికి నడక. నడిచేవాడికి తెలుస్తుంది, ఏ ఇంటి ముందు ఎవరు తల దించుకుని పోతారో, ఏ అరుగు దగ్గర ఎవరి గొంతు తగ్గుతుందో. చోటంటే గోడ రంగు కాదు, ఆ గోడ పక్కన మనిషి మెలిగే తీరు. పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అది వాన వాసనకి వచ్చింది కాదు. నియమాలు గీసుకుని, గంభీరంగా బతికే రావుగారిని ఆ గాలివాన ఒక బిచ్చగత్తె పక్కన తెచ్చి కూర్చోబెడుతుంది. ఆ వానే లేకపోతే ఆయన లోపల ఎవరున్నారో ఆయనకే తెలియదు. చోటు చేయాల్సిన పని అది.

మూడు మాటలిచ్చి కథ అల్లమనే అభ్యాసం ఒకటుందట. రోజుకో మూడు మాటలు ఫోనే పంపిస్తుందట! మేం అవధానాలకి వెళ్ళేవాళ్ళం. దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలు పృచ్ఛకుడు విసిరితే, అవధాని వాటిని భారతార్థంలోనో రామాయణార్థంలోనో పద్యంలో పొదగాలి. సమస్యలో తలాతోకా లేనట్టుండే ఒక్క పాదం ఇస్తే, మిగతా మూడు పాదాలూ కట్టి దానికి అర్థం తెప్పించాలి. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా ఫలానా అక్షరం వాడకూడదని అడ్డు. ఈ మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి పిచ్చి ప్రశ్నలతో ధార తెంచబోతాడు. ఇంట్లో 'చందమామ' వచ్చిన రోజైతే అమ్మ బేతాళ కథ చదువుతూ బేతాళుడి ప్రశ్న దగ్గర పుస్తకం మూసేసేది. మేం తలా ఒక సమాధానం చెబితేగానీ విక్రమార్కుడి నోరు విప్పించేది కాదు. వెనక పేజీల్లో ఫొటో వ్యాఖ్యల పోటీ. రెండు బొమ్మలు, రెంటికీ పొత్తు కుదిరే రెండు వ్యాఖ్యలు, పోస్టుకార్డు మీద రెండు మూడు మాటల్లో.

ఇదంతా విని మా మనవరాలు, "అవీ ఎక్సర్‌సైజులే కదా తాతయ్యా, మా మేడమ్ ఇచ్చినలాంటివే" అంది. అవుననుకో. కానీ అక్కడ సభ నిండా వినేవాళ్ళుండేవారు, పద్యం కుంటితే మొహం మీదే తెలిసిపోయేది. ఇప్పుడు పది నిమిషాలకి అలారం పెట్టి ఆపకుండా రాయమంటారు, ఆపగానే అందరూ చప్పట్లు కొడతారు. 'భారతి' పత్రికకి కథ పంపితే నెలల తరబడి పోస్టుమాన్ వైపు చూస్తూ ఉండేవాళ్ళం. తిరుగు స్టాంపులు పెట్టి ఉంటే ఎప్పటికో తిరిగొచ్చేది. ఆపాటికి కథ మనదని మరిచిపోయి ఉంటాం కాబట్టి, చదువుతుంటే ఎక్కడ బోరు కొడుతోందో ఇట్టే తెలిసేది. ఆలస్యమే మాకు సగం నేర్పింది. మీకు బటను నొక్కగానే మెచ్చుకోలు వచ్చేస్తుంది, ఇక తిరగరాసేదెవరు?

సరే, అభ్యాసాలే కావాలంటే నేనూ ఇస్తాను, ఫీజు అక్కర్లేదు. ఫోను అవతల పెట్టి మీ ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చో. నెల్లాళ్ళు విను, ఒక్క ముక్క రాయకు. తరవాత ఆవిడ ఎన్నడూ ఎత్తని విషయం ఒకటి ఆవిడ గొంతుతో ఒక పేజీ రాసి చదివి వినిపించు. "నేనిలా మాట్లాడతానా?" అంటే చింపి మళ్ళీ రాయి. "ఈ సంగతి నీకెవరు చెప్పార్రా?" అంటే నీకు పాత్ర దొరికినట్టే. రెండోది, మీ వీధి మొదటినుంచి చివరిదాకా రోజూ నడు. ఎవరు ఎవరి గుమ్మం దగ్గర ఆగరో చూసుకో, ఎందుకాగరో కనుక్కోకుండా కథ కట్టు. మూడోది, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. వెళ్ళి పాత పత్రికల్లోంచి ఒక కథ తీసి, సగంలో ఆపి, మిగతా సగం నువ్వు రాయి. తరవాతే వాళ్ళు రాసింది చదువు. ఎవరిది బాగుందో నీకే తెలుస్తుంది.

రాశాక నాకు పంపు, నేనూ చదువుతాను. కాగితానికి ఒకవైపే రాయి, మార్జిను వదులు, తిరుగు స్టాంపులు మరిచిపోకు.