మెత్తనివాణ్ణి చూస్తే...

మిస్టర్ బిల్ ఎవరి జోలికీ పోడు. ఎప్పుడూ సున్నాలా తెరుచుకునే ఉండే నోరు, కీచుగొంతు, ఒళ్లంతా పిల్లలు ఆడుకునే ప్లే-డో ముద్ద. పిల్లల కార్యక్రమంలో మాదిరిగా అందరినీ హుషారుగా పలకరిస్తాడు. ఇవాళ సర్కస్‌కి వెళ్దామంటాడు, ఇంకోసారి పన్ను కట్టొద్దామంటాడు. కాసేపటికి చెయ్యో కాలో ఊడుతుంది. ఇంకాసేపటికి నిలువునా పచ్చడవుతాడు.

"ఓ నో...!"

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఈ టీవీ బొమ్మ పుట్టిల్లు న్యూ ఆర్లియన్స్, తండ్రి వాల్టర్ విలియమ్స్. అమెరికాలో ఎన్‌బీసీ వారి 'సాటర్డే నైట్ లైవ్' 1975 అక్టోబరులో మొదలైంది. శనివారం రాత్రి పదకొండున్నరకు, అంటే పిల్లలు పడుకున్నాక వచ్చే కార్యక్రమం. ఇంట్లో తీసిన సినిమాలుంటే పంపమని వాళ్లు ప్రేక్షకుల్ని అడిగితే, విలియమ్స్ బిల్‌తో తీసిన ఒక సూపర్-8 ఫిల్మ్ రీలు పంపాడు. 1976 ఫిబ్రవరి 28న అది ప్రసారమైంది. చవగ్గా చుట్టేసే పిల్లల కార్యక్రమాల మీద వెక్కిరింత అది. జనం విరగబడి నవ్వారు. 1978కల్లా విలియమ్స్ ఆ కార్యక్రమానికే రచయితగా చేరాడు.

బిల్‌కి బద్ధశత్రువు స్లగ్గో. వాడూ మట్టిముద్దే, కాకపోతే దౌర్జన్యం చేసే ముద్ద. వాడి సంగతి వదిలేద్దాం, శత్రువన్నాక కొడతాడు. అసలు భయపడాల్సింది మిస్టర్ హ్యాండ్స్‌కి. తెర మీద ఆయన మొహం కనబడదు, రెండు చేతులే కనబడతాయి. ఆ చేతుల పాత్ర పోషించింది వాన్స్ డిజెనరెస్, హాస్యనటి ఎల్లెన్‌కి అన్న. గొంతులో ఎంత ఆప్యాయతో! ఏం పర్లేదు బిల్, నేనున్నాగా అంటూనే తీసుకెళ్లి స్లగ్గో ముందు నిలబెడతాడు. మధ్యలో బిల్ కుక్క స్పాట్ ఏ పాపమూ ఎరగకుండానే అప్పడమవుతుంది.

బిల్‌కి ఇదంతా తెలుసు. స్లగ్గో వస్తున్నాడని, తనని హింసిస్తాడని ముందే మొత్తుకుంటాడు. అయినా మిస్టర్ హ్యాండ్స్ రమ్మంటే వెళ్తాడు. దెబ్బలు తినేవాడు హాస్యంలో కొత్త కాదు. తినబోతున్నానని తెలిసి కూడా మర్యాదకు కాదనలేనివాడే అసలైన బిల్. ఇలాంటివాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. పై అధికారి "నీకెందుకు, నేను చూసుకుంటా" అనగానే వీడి మొహం వెలిగిపోతుంది; పక్క సీట్లవాళ్లు మాత్రం తలలు దించేసుకుంటారు.

తెర వెనకా కథ సజావుగా సాగలేదు. బిల్ హక్కులు ఎవరివన్న దానిమీద విలియమ్స్‌కీ డిజెనరెస్‌కీ వ్యాజ్యం నడిచి, చివరికి రాజీ అయింది. చేతులకీ బొమ్మకీ బయట కూడా పడలేదన్నమాట.

తర్వాత బిల్ వాణిజ్య ప్రకటనల్లోనూ నలిగాడు. 2004లో మాత్రం ఒక పెద్దమనిషి తరహా పని దొరికింది. బిల్ పుట్టిల్లున్న లూసియానా తీరంలో సముద్రం మింగేస్తున్న చిత్తడినేలల్ని కాపాడమని ప్రచారం. తుపాను వస్తే ఉప్పెన జోరుకి కాస్తైనా అడ్డుపడేవి ఆ నేలలే. ప్రమాదం ముంచుకొస్తోందని చెప్పడానికి బిల్‌ని మించిన అనుభవజ్ఞుడు ఎవరు? తర్వాతి ఏడాది ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది, వరదగట్లు తెగాయి, న్యూ ఆర్లియన్స్‌లో దాదాపు 80 శాతం మునిగింది. పాపం, బిల్ ముందే చెప్పాడు. బిల్ అరిస్తే నవ్వాలని దేశానికి నేర్పింది కూడా బిల్లే.